ఆరు టీబీ పెళ్లి వీడియోలు, మూడు ఊళ్లు: పెద్ద క్లౌడ్ మీదే ఆధారపడకుండా దాచుకోవడం ఎలా?

ప్రశ్న ఇది. హన్మకొండలో ఒక ఫొటో, వీడియో స్టూడియో. ఇప్పటికి 6 టీబీ డేటా పోగైంది. అందులో కస్టమర్లకు ఇచ్చేసిన ఫైనల్ వీడియోలు, ఆల్బమ్ ఫైళ్లు 1.5 టీబీ, మిగతా 4.5 టీబీ రా ఫుటేజీ, అంటే ఎడిట్ చేయని అసలు రికార్డింగ్. నెలకు సగటున 250 జీబీ కలుస్తోంది, సీజన్ సీజన్‌కూ క్లౌడ్ బిల్లు పెరుగుతోంది. కరీంనగర్‌లో ఒకరు, మంచిర్యాలలో ఒకరు ఇదే వ్యాపారంలో ఉన్న మిత్రులున్నారు. పెద్ద కంపెనీల క్లౌడ్ వదిలి ఐపీఎఫ్ఎస్, ఫైల్‌కాయిన్, స్టోర్జ్ లాంటి వికేంద్రీకృత స్టోరేజీకి (డేటా ఒకే కంపెనీ దగ్గర కాకుండా చాలామంది కంప్యూటర్లలో ఉండే పద్ధతికి) పోవచ్చా, లేకపోతే ముగ్గురం ఒకరి డిస్కులు ఒకరు వాడుకోవచ్చా అని అడిగారు.

ముగ్గురూ డిస్కులు పంచుకోవడమే మీకు సరిపోయే దారి. ఐపీఎఫ్ఎస్ మీ పనికి పనికిరాదు. ఫైల్‌కాయిన్ మీ స్థాయికి బరువు. స్టోర్జ్ లాంటివి ఫైనల్ ఫైళ్లకు అదనపు కాపీగా బాగుంటాయి. క్లౌడ్‌ను మాత్రం పూర్తిగా తెంచుకోవద్దు, దాని వాటా తగ్గించండి. పెళ్లి మళ్లీ తీయలేం. అందులో అక్షింతలు వేసిన తాతయ్య వచ్చే ఏడాదికి ఉండకపోవచ్చు. అందుకే డబ్బు ఆదా కంటే ముందు, ఒకే దెబ్బకు అన్ని కాపీలూ పోకుండా ఎలా పెట్టాలన్నది చూడాలి.

పెద్ద క్లౌడ్‌లో డిస్కు చెడిపోయి ఫైలు పోవడం దాదాపు జరగదు. వాళ్ల బలహీనత వేరే చోట ఉంది: ఎన్ని డేటా సెంటర్లున్నా మీ అకౌంట్ ఒక్కటే, దాన్ని నడిపించే వ్యవస్థ ఒక్కటే. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్ యూనిసూపర్‌కు గూగుల్ క్లౌడ్‌లో ఉన్న సబ్‌స్క్రిప్షన్ పొరపాటున డిలీట్ అయింది. రెండు ప్రాంతాల్లో కాపీలు పెట్టుకున్నా రెండూ పోయాయి, ఎందుకంటే రెండూ ఆ ఒక్క సబ్‌స్క్రిప్షన్ కిందివే. వేరే కంపెనీ దగ్గర పెట్టుకున్న బ్యాకప్ వాళ్లకు అక్కరకొచ్చింది. 2025 అక్టోబర్ 20న అమెజాన్ వర్జీనియా రీజియన్‌లో డీఎన్ఎస్ (పేరును బట్టి సర్వర్ చిరునామా వెతికే వ్యవస్థ) సమస్య వస్తే దాని మీద ఆధారపడ్డ సేవలెన్నో గంటల తరబడి ఆగిపోయాయి. వికేంద్రీకరణ అంటే ఈ ‘ఒక్కటి’ అనేదాన్ని తీసేయడం. క్రిప్టో టోకెన్లు, బ్లాక్‌చెయిన్ దానికి ఒక సాధనం మాత్రమే, తప్పనిసరి కాదు.

మీరు రాసిన మూడు పేర్లూ ఒకే వరుసలో వినిపిస్తాయి గానీ మూడూ వేర్వేరు పనులు చేస్తాయి.

ఐపీఎఫ్ఎస్ అసలు స్టోరేజీయే కాదు, చిరునామా పద్ధతి. ఫైలును ముక్కలు చేసి, ఆ డేటా నుంచే హ్యాష్ (వేలిముద్ర లాంటి సంకేతం) కట్టి, ఆ హ్యాష్‌తో వచ్చే సీఐడీ అనే చిరునామాతో నెట్‌వర్క్‌లో వెతుక్కుంటుంది. ఎవరో ఒకరు తమ నోడ్‌లో (నెట్‌వర్క్‌లో కలిసిన కంప్యూటర్‌లో) చెరిగిపోకుండా పిన్ చేసి ఉంచినంత కాలమే ఫైలు దొరుకుతుంది. మీ నోడ్ ఆగి, ఇంకెవరూ పిన్ చేసి ఉండకపోతే సీఐడీ చేతిలో ఉన్నా ఫైలు రాదు. వేరేవాళ్ల నోడ్ క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) కొన్నాళ్లు మిగలొచ్చు, పిన్ చేయనివాటిని ఊడ్చేసే గార్బేజ్ కలెక్షన్ నడిచిన రోజు అదీ పోతుంది. దాచిపెడతానని మీకు మాట ఇచ్చినవాళ్లు అందులో ఎవరూ లేరు. పైగా డిఫాల్ట్‌గా ఎన్‌క్రిప్షన్ (తాళం లేకుండా చదవలేని రూపంలోకి మార్చడం) లేదు. సీఐడీ తెలిసిన ఎవరైనా ఫైలు తెరవొచ్చు, మీ దగ్గర ఏ సీఐడీలున్నాయో మీ నోడే నెట్‌వర్క్‌కు చాటుతుంది. ఒకసారి బయటికి పోయిన ఫైలును వెనక్కి పిలవలేరు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనిషికి తన డేటా తొలగించమని అడిగే హక్కు ఇచ్చింది. ఒక కుటుంబం వచ్చి ఫొటోలు తీసేయమంటే మీరేం చెబుతారు? ఐపీఎఫ్ఎస్ అందరికీ తెరిచి ఉంచాల్సిన వాటికి బాగుంటుంది, ఉదాహరణకు స్కాన్ చేసిన పాత పత్రికలు. అక్కడ కూడా ఒక చిక్కు: ముక్క సైజు సెట్టింగ్ మారితే అదే ఫైలుకు వేరే సీఐడీ వస్తుంది. కాబట్టి ఏ సెట్టింగ్‌తో జోడించారో రాసి పెట్టుకోవాలి.

ఫైల్‌కాయిన్ డబ్బు తీసుకుని డేటా దాచే నెట్‌వర్క్, 2020 అక్టోబర్‌లో మెయిన్‌నెట్‌గా, అంటే అసలు వాడకానికి మొదలైంది. దాచేవాళ్లు డేటాను నిజంగా దాచారని, రోజూ దాస్తూనే ఉన్నారని గణితపరంగా రుజువు చూపించాలి, లేకపోతే ముందు కట్టిన పూచీ సొమ్ములో కోత పడుతుంది. ఈ ఆలోచన గట్టిది. కానీ నెట్‌వర్క్ 32 లేదా 64 గిబీబైట్ల (గిగాబైట్ కంటే కొంచెం పెద్ద కొలత) సెక్టార్ల, అంటే పెద్ద పెద్ద నిల్వ గళ్ల లెక్కన నడుస్తుంది. దాచేవాళ్లతో చేసుకునే ఒక్కో డీల్‌కు గడువుంటుంది, గడువు తీరేలోపు పొడిగించకపోతే ఆ కాపీ పోయినట్టే. రుజువు కోసం సీల్ చేసిన (వేరే రూపంలోకి మార్చి మూసిన) సెక్టార్‌ను తిరిగి విప్పడానికి గంటలు పడుతుంది, వేరుగా విప్పిన కాపీ కూడా పెట్టుకున్న ప్రొవైడర్ అయితేనే ఫైలు త్వరగా వస్తుంది. కస్టమర్ షాపులో కూర్చుని పెన్‌డ్రైవ్‌లో వేసిమ్మంటే ఇది పనికొచ్చేది కాదు. మన దగ్గరున్న పాత డిస్కు అద్దెకిచ్చి సంపాదిద్దాం అనేవాళ్లకు ఒక మాట: సీలింగ్ చేసే మెషిన్‌కు 128 జీబీ ర్యామ్, మంచి జీపీయూ కావాలి.

స్టోర్జ్ మీ అవసరానికి దగ్గరగా ఉంటుంది. ఫైలును గరిష్ఠంగా 64 ఎంబీ సెగ్మెంట్లుగా విడగొట్టి, ఎన్‌క్రిప్ట్ చేసి, ఒక్కోదాన్ని 80 ముక్కలు చేసి వేర్వేరు నోడ్లకు పంపేలా దాన్ని రూపొందించారు. వాటిలో ఏ 29 ముక్కలు దొరికినా సెగ్మెంట్ తిరిగి తయారవుతుంది. దీన్ని ఇరేజర్ కోడింగ్ అంటారు. 51 నోడ్లు పోయినా నష్టం లేదు, మొత్తం పట్టే చోటు మాత్రం అసలు సైజుకు 2.76 రెట్లే. ఇక్కడ చాలామంది గమనించని సంగతి అప్‌లోడ్. వాళ్ల నేటివ్ క్లయింట్ (మీ కంప్యూటర్‌లో పెట్టుకునే వాళ్ల సొంత ప్రోగ్రామ్) వాడితే ఈ ముక్కలు చేసే పని మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, అంటే 1 జీబీ ఫైలుకు మీ లైన్ మీద దాదాపు 2.76 జీబీ పోతుంది. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైన్ మీకు 14.5 ఎంబీపీఎస్ లాగా పనిచేస్తుంది. 6 టీబీ ఎక్కించడానికి 38 రోజులు. అదే వాళ్లు నడిపే ఎస్3 గేట్‌వే (అమెజాన్ ఎస్3 పద్ధతిలో ఫైళ్లు అందుకునే సర్వర్) ద్వారా పంపితే 1 జీబీకి 1 జీబీయే పోతుంది, 14 రోజుల్లో అయిపోతుంది. కాకపోతే అప్పుడు ఎన్‌క్రిప్షన్ గేట్‌వే సర్వర్‌లో జరుగుతుంది. దీనికి మార్గం తేలిక: రెస్టిక్ లాంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో ముందే మీ దగ్గర ఎన్‌క్రిప్ట్ చేసి గేట్‌వే ద్వారా పంపండి. తాళం మీ దగ్గరే ఉంటుంది, లైనూ ఆదా అవుతుంది. సియా అనే మరో నెట్‌వర్క్‌లోనూ లెక్క ఇలాంటిదే, సాధారణంగా 30 ముక్కల్లో 10 దొరికితే చాలు. అయితే అక్కడ కాంట్రాక్టులు ఎప్పటికప్పుడు రెన్యూ కావాలి, దానికి మీ సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉండాలి.

నోడ్ నడిపి టోకెన్లు సంపాదించే ఆలోచన ఉంటే ఇవి తెలుసుకోండి: స్టోర్జ్ ఒకే 24 బిట్ల సబ్‌నెట్‌లోని (ఐపీ చిరునామాలో మొదటి మూడు అంకెలు ఒకటే ఉన్న) నోడ్లన్నిటినీ ఒకటిగానే లెక్కిస్తుంది, బయటి నుంచి పోర్ట్ (నెట్‌లోంచి మీ నోడ్‌లోకి వచ్చే దారి) తెరుచుకోకపోతే నోడ్ నడవదు. వచ్చిన టోకెన్లు వర్చువల్ డిజిటల్ ఆస్తి కిందికి వస్తాయి, అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, నష్టాన్ని వేరే ఆదాయంతో సర్దుకోవడానికి వీల్లేదు. స్టూడియో పని చేసుకునేవాళ్లకు ఈ తలనొప్పి అనవసరం.

ఇక మీ మూడు ఊళ్ల సంగతి.

మొట్టమొదట ఏం దాచాలో తేల్చుకోండి. హార్డ్‌వేర్ కొనకముందే చేయాల్సిన పని ఇది. ఫైనల్ 1.5 టీబీ ఎప్పటికీ ఉండాల్సినది, అది మిత్రులిద్దరి దగ్గరా ఉండాలి. రా ఫుటేజీ ఒక్కరి దగ్గర ఉంటే చాలు: మీది కరీంనగర్‌లో, కరీంనగర్ వాళ్లది మంచిర్యాలలో, మంచిర్యాల వాళ్లది మీ దగ్గర. ముగ్గురి డేటా సుమారు సమానమనుకుంటే ఒక్కో నోడ్ మోయాల్సింది ఇద్దరి ఫైనల్స్ 3 టీబీ, ఒకరి రా 4.5 టీబీ, మొత్తం 7.5 టీబీ. నెలకు కలిసే 250 జీబీలో 60 ఫైనల్, 190 రా అనుకుంటే నోడ్‌కు నెలకు 310 జీబీ పెరుగుతుంది. 16 టీబీ డిస్కు పెట్టి 15 శాతం ఖాళీ వదిలితే ఏడాదిన్నర దాటాక నిండుతుంది. రా ఫుటేజీ డెలివరీ తర్వాత ఏడాది మాత్రమే ఉంచుతామని బుకింగ్ రసీదు మీదే ప్రింట్ చేయిస్తే, ఆ 4.5 టీబీ మెల్లగా 2.3 టీబీకి దిగుతుంది. 12 టీబీ డిస్కు కూడా చాలాకాలం సరిపోతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత ఆదా చేయలేదు.

నోడ్‌కు ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న చిన్న పీసీ గానీ, పాత డెస్క్‌టాప్ గానీ చాలు. 8 జీబీ ర్యామ్, సిస్టమ్‌కు 250 జీబీ ఎస్ఎస్‌డీ, డేటాకు 3.5 అంగుళాల సాటా (నేరుగా మదర్‌బోర్డుకు తగిలే) హార్డ్ డిస్క్. డిస్కు సీఎంఆర్ రకమా, ఎస్ఎంఆర్ రకమా అని మోడల్ నంబర్‌తో చూసి సీఎంఆర్ మాత్రమే కొనండి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, పెద్ద ఎత్తున రాసేటప్పుడు దాని తాత్కాలిక చోటు నిండగానే వేగం పడిపోతుంది. జేబులో పట్టే 2.5 అంగుళాల యూఎస్‌బీ డిస్కులు పెద్ద సైజుల్లో ఎక్కువ భాగం ఇవే. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో 24 గంటలూ నడిపితే అప్పుడప్పుడు కనెక్షన్ తెగి, రాస్తున్న ఫైలు మధ్యలో ఆగుతుంది. డిస్కు మంచిదే ఉంటుంది, తప్పు యూఎస్‌బీకి, డిస్కుకు మధ్య ఉండే ఆ చిన్న బ్రిడ్జ్ చిప్‌ది, కేబుల్‌ది. అందుకే సాటా అంటున్నాను. ముగ్గురూ ఒకే షాపులో ఒకే రోజు ఒకే బ్యాచ్ డిస్కులు కొనకండి.

డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఫైల్ సిస్టమ్‌గా జెడ్ఎఫ్ఎస్ పెట్టి నెలకోసారి స్క్రబ్ (డేటా అంతా చదివి సరిచూసే తనిఖీ) నడపండి. ఒకే డిస్కు మీద జెడ్ఎఫ్ఎస్ చెడిపోయిన బ్లాకును చూపిస్తుంది గానీ బాగుచేయలేదు, అది గుర్తుంచుకోవాలి. చెడింది ఏ ఫైలో తెలిస్తే దాన్ని అసలు యజమాని మళ్లీ పంపొచ్చు. స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే లెక్కల్లో) 5, 197, 198 నంబర్ల దగ్గర సున్నా కాకుండా అంకె పెరుగుతూ ఉంటే డిస్కు మార్చండి. 199 పెరిగితే ముందు సాటా కేబుల్ మార్చి చూడండి.

సాఫ్ట్‌వేర్ విషయంలో చాలామంది ఫైళ్లను అన్ని చోట్లా ఒకేలా ఉంచే సింక్‌థింగ్ సూచిస్తారు. అది మంచి సాధనమే, కానీ సింక్ వేరు, బ్యాకప్ వేరు. మీ దగ్గర రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చి ఫైళ్లు పాడు చేస్తే పాడైన ఫైళ్లే శ్రద్ధగా కరీంనగర్‌కూ పోతాయి. గ్యారేజ్ అనే ఎస్3 స్టోరేజీ ఇలా వేర్వేరు ఊళ్లలోని ఇంటి లైన్ల మీద నడవడానికే తయారైంది. కానీ అది ప్రతిదానికీ మామూలుగా మూడు కాపీలు చేస్తుంది, అంటే మీ రా ఫుటేజీ కూడా మూడు చోట్లా కూర్చుంటుంది. మూడు జోన్లలో (మీకు మూడు ఊళ్లు) అతి చిన్న డిస్కు ఎంతో మొత్తం నిల్వ కూడా అంతే. డేటాను అది తనంత తానుగా ఎన్‌క్రిప్ట్ చేసి దాచదు. టాహో లాఫ్స్ అనే మరో సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా 10 వాటాల్లో 3 దొరికితే చాలన్న లెక్కతో పనిచేస్తుంది, పది చోట్లు ఉన్నవాళ్లకు అది అందంగా ఉంటుంది. మీకున్నవి మూడు. ఇరేజర్ కోడింగ్‌కు ఇంకో ఖర్చుంది: ఒక ముక్క పోతే దాన్ని తిరిగి కట్టడానికి మిగతా వాటిలోంచి కావాల్సినన్ని ముక్కలు దించుకోవాలి. మొత్తం కాపీ అయితే పోయినంతే పంపితే చాలు. ఇంటి ఫైబర్ లైన్ల మీద ఈ తేడా రోజులు కాదు, వారాల్లో కనిపిస్తుంది. ఐదారు నోడ్లు దాటే వరకు మామూలు కాపీలే మేలు.

మీకు సరిపోయేది రెస్టిక్. మిత్రుల నోడ్ మీద రెస్ట్ సర్వర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను అపెండ్ ఓన్లీ పద్ధతిలో నడపాలి. అప్పుడు మీ స్టూడియో కంప్యూటర్ కొత్త బ్యాకప్‌లు చేర్చగలదు, పాతవి తుడిచేయలేదు. మీ కంప్యూటర్ ఎవరి చేతికి చిక్కినా కరీంనగర్‌లో ఉన్న పాత కాపీకి ఏమీ కాదు. డేటా అంతా మీ దగ్గరే ఎన్‌క్రిప్ట్ అయి పోతుంది కాబట్టి మీ కస్టమర్ల ఫొటోలు మిత్రులకూ కనిపించవు. కస్టమర్లకు మీరు ధైర్యంగా చెప్పుకోగలిగే మాట ఇది. రెండు సెట్టింగులు మార్చండి. ప్యాక్ సైజు (రెస్టిక్ డేటాను మూటకట్టే ఒక్కో ఫైలు సైజు) డిఫాల్ట్ 16 ఎంబీ ఉంటుంది, 64 చేయండి. 6 టీబీకి మూడున్నర లక్షల ఫైళ్లు ఉండాల్సిన చోట తొంభై వేలే ఉంటాయి, హార్డ్ డిస్కు మీద తనిఖీ త్వరగా అవుతుంది. కంప్రెషన్ ఆపేయండి. జేపెగ్, హెచ్.264 ఇంకా తగ్గవు, సీపీయూ వేడెక్కడం తప్ప లాభం లేదు.

పాత బ్యాకప్‌లు తీసేయాలంటే అపెండ్ ఓన్లీ నోడ్‌లో మీ వైపు నుంచి కుదరదు, కుదరకూడదు కూడా. మూడు నెలలకోసారి మిత్రుడి నోడ్‌లోకి విడిగా లాగిన్ అయి అక్కడే ఫర్గెట్ (పాత బ్యాకప్‌ను జాబితాలోంచి తీయడం), ప్రూన్ (దాని డేటా చెరపడం) నడపండి. ముందు స్నాప్‌షాట్ల, అంటే ఒక్కోసారి తీసిన బ్యాకప్‌ల జాబితా కళ్లతో చూడండి. మీరు తీయని బ్యాకప్‌లు, రేపటి తేదీలున్న బ్యాకప్‌లు కనిపిస్తే ఆగిపోండి. చివరి పది ఉంచి మిగతావి తీసేయ్ అన్న నియమాన్ని, దొంగ బ్యాకప్‌లు పది చేర్చి ఎవరైనా మోసం చేయొచ్చు.

మొదటి బ్యాకప్ నెట్ మీద పంపకండి. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 ఎంబీ. 6 టీబీకి ఆపకుండా 14 రోజులు, చాలా ఫైబర్ ప్లాన్లలో నెలకు 3.3 టీబీ దాటితే వేగం కూడా కోసేస్తారు. కరీంనగర్ డిస్కును మీ స్టూడియోకు తెప్పించి, నేరుగా తగిలించి బ్యాకప్ తీయండి. సెకనుకు 120 ఎంబీ చొప్పున 14 గంటల్లో అయిపోతుంది. హన్మకొండ నుంచి కరీంనగర్ 70 కిలోమీటర్లు, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లొచ్చు. యాంటీ స్టాటిక్ కవర్‌లో వేసి, చుట్టూ రెండు అంగుళాల ఫోమ్ పెట్టండి, కారు డిక్కీలో స్టెప్నీ పక్కన పడేయొద్దు. తర్వాత నెలనెలా కలిసేది మాత్రమే నెట్ మీద పోతుంది. రెండు చోట్లకూ కలిపి నెలకు 310 జీబీ. రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా 20 ఎంబీపీఎస్‌కు పరిమితి పెడితే రాత్రికి 63 జీబీ, ఐదు రాత్రుల పని. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాలు వరసగా పడితే ఇది రెండింతలు అవుతుంది, అప్పుడూ ఇబ్బంది లేదు.

అసలు తిప్పలు కనెక్షన్‌లో మొదలవుతాయి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఆపరేటర్ మీ లైన్‌కు ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (చాలామంది కస్టమర్లకు ఒకే బయటి ఐపీ పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు, బయటి నుంచి ఎవరూ మీ నోడ్‌ను నేరుగా చేరలేరు. పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఫలితం ఉండదు. ముగ్గురిలో కనీసం ఒకరు ఆపరేటర్ దగ్గర స్టాటిక్ ఐపీ (మారని బయటి చిరునామా) తీసుకుంటే ఆ నోడ్‌ను వైర్‌గార్డ్ (మూడు చోట్లనూ సొరంగంలా కలిపే వీపీఎన్) కేంద్రంగా పెట్టుకోవచ్చు. మిగతా ఇద్దరి వైపు కీప్ అలైవ్ (దారి తెరిచి ఉండేందుకు పంపే చిన్న సంకేతం) 25 సెకన్లు పెట్టాలి, లేకపోతే కాసేపు ట్రాఫిక్ లేకపోగానే నాట్ (లోపలి, బయటి చిరునామాలను మార్చే వ్యవస్థ) దారి మూసేస్తుంది. స్టాటిక్ ఐపీ దొరక్కపోతే వైర్‌గార్డ్ మీదే నడిచే టెయిల్‌స్కేల్ అనే సేవ వాడండి. అందులో స్టేటస్ చూసినప్పుడు కనెక్షన్ డైరెక్ట్ అని ఉందో, రిలే (మధ్యలో వేరే సర్వర్ మీదుగా) అని ఉందో చూడాలి. రిలే అయితే పనిచేస్తుంది గానీ నత్తనడకే.

వైర్‌గార్డ్‌లో ఒక లోపం చాలామందిని రోజుల తరబడి తిప్పుతుంది: పింగ్ వెళ్తుంది, చిన్న ఫైళ్లు వెళ్తాయి, పెద్ద ఫైలు మొదలవ్వగానే నిలబడిపోతుంది. కారణం ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్‌లో పంపగల గరిష్ఠ బైట్లు. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది, అది 1500 లైన్‌ను ఊహించుకున్న లెక్క. మన ఫైబర్ కనెక్షన్లలో పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో రౌటర్ లాగిన్ అయ్యే పద్ధతి) ఉంటే లైన్ 1492 మాత్రమే. వైర్‌గార్డ్ వైపు 1412కు తగ్గించండి, అప్పటికీ కుదరకపోతే 1280. టెయిల్‌స్కేల్ ముందే 1280 వాడుతుంది కాబట్టి అక్కడ ఈ గొడవ రాదు.

నోడ్ ఎక్కడ పెట్టారన్నది ఏ సాఫ్ట్‌వేర్ పెట్టారన్నదాని కంటే ముఖ్యం. ఒక్కో నోడ్ 95 శాతం సమయం నడిస్తే, మూడూ ఒకేసారి ఆగే అవకాశం ఎనిమిది వేలలో ఒకటి. కాగితం మీద ఇది చాలా బాగుంది. కానీ మూడింటికీ వచ్చే కష్టం ఒకటే అయితే ఈ లెక్క చెల్లదు. హన్మకొండలో ఒకటి, వరంగల్‌లో ఒకటి పెట్టి రెండు చోట్లని సంతోషపడొద్దు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నాలాలు పొంగి ట్రైసిటీ (వరంగల్, హన్మకొండ, కాజీపేట) కాలనీలు ఒకేసారి మునిగాయి. మంచిర్యాలలో 2022 జూలైలో గోదావరి వరద ఇళ్లలోకి వచ్చింది. మీ మూడు ఊళ్లు వేర్వేరుగా ఉండటం మీకు పెద్ద బలం, దాన్ని గ్రౌండ్ ఫ్లోర్‌లో టేబుల్ కింద నోడ్ పెట్టి పోగొట్టుకోకండి. మొదటి అంతస్తులో, నడుము ఎత్తు అలమారలో పెట్టండి. వేసవిలో మంచిర్యాల, రామగుండం వైపు 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆదివారం షట్టర్ దించిన షాపులో లోపల ఇంకా ఎక్కువ ఉంటుంది. డిస్కు ఉష్ణోగ్రత 50 దాటకుండా చూడాలి. 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి డిస్కు ఎదురుగా పెడితే తేడా మీకే కనిపిస్తుంది. కుదరకపోతే నోడ్‌ను ఇంట్లో పెట్టుకోండి.

కరెంటు సంగతి: చిన్న పీసీ, డిస్కు కలిసి 20 వాట్ల దగ్గర లాగుతాయి, నెలకు 14, 15 యూనిట్లు. 600 వీఏ యూపీఎస్ చాలు. ఫైబర్ ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి తగిలే పెట్టె), రౌటర్ కూడా అదే యూపీఎస్ మీద ఉండాలి, లేదంటే నోడ్ నడుస్తుంది గానీ ఎవరికీ అందదు. ఏప్రిల్, మేలో ఈదురుగాలి వానలకు కరెంటు గంటల తరబడి పోతుంది. బ్యాటరీ అడుగంటే ముందే నోడ్ తనంత తాను ఆగేలా నట్ అనే ప్రోగ్రామ్ పెట్టి, కరెంటు రాగానే మళ్లీ లేచేలా బయోస్‌లో సెట్టింగ్ మార్చండి. ఈ రెండోది మర్చిపోతే ఒక గాలివాన తర్వాత నోడ్ వారాల పాటు నిద్రలో ఉంటుంది, ఎవరూ గమనించరు. రెండు రోజులు బ్యాకప్ రాకపోతే ముగ్గురి ఫోన్లకూ మెసేజ్ వచ్చే ఏర్పాటు తప్పనిసరి.

తాళం పోతే అంతా పోయినట్టే. రెస్టిక్ పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి ఇచ్చే కస్టమర్ కేర్ లేదు. రెండో కీ చేర్చండి, కాగితం మీద స్పష్టంగా రాసి ఒకటి బ్యాంకు లాకర్‌లో, ఒకటి ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర పెట్టండి. పాస్‌వర్డ్‌తో పాటు నోడ్ చిరునామా, సాఫ్ట్‌వేర్ పేరు, మిత్రుల ఫోన్ నంబర్లు కూడా ఆ కాగితం మీద ఉండాలి. మీకేదైనా అయితే మీ ఇంట్లోవాళ్లు ఆ కాగితం పట్టుకుని వేరే కంప్యూటర్ వ్యక్తితో డేటా తీయించగలగాలి.

మనుషుల మధ్య ఒప్పందం లేకుండా ఇదంతా నిలవదు. ఇది చిట్టీ లాంటిది, ఒకరు మధ్యలో మానేస్తే మిగతావాళ్ల మీద పడుతుంది. ఒక పేజీ రాసుకుని ముగ్గురూ సంతకాలు పెట్టండి. డిస్కు ఎవరిది (ఎవరి డేటా ఎక్కువుంటే వాళ్లు కొనడం మంచిది), తప్పుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి (90 పెట్టుకోండి), ఆ లోపు ఏదీ చెరపకూడదు, నోడ్ ఆగితే ఎన్ని రోజుల్లో బాగుచేయాలి, కరెంటు ఖర్చు ఎవరిది. స్నేహం బాగున్నప్పుడు రాసుకున్న కాగితమే తర్వాత స్నేహాన్ని కాపాడుతుంది.

బ్యాకప్ నుంచి ఫైళ్లు తిరిగి తీయడం ప్రాక్టీస్ చేయండి. పెళ్లిళ్లు లేని మూఢంలో, ఆషాఢంలో చేతిలో తీరిక ఉంటుంది, ఆ రోజులు దీనికి కేటాయించండి. ఏదో ఒక పెళ్లి పేరు చీటీ తీసి, మీ సెట్టింగులేవీ లేని వేరే ల్యాప్‌టాప్‌లో, ఆ కాగితం ఒక్కటే చూస్తూ, మిత్రుడి నోడ్ నుంచి రిస్టోర్ చేయండి. వీడియో మొదలు, మధ్య, చివర ప్లే చేసి చూడండి. నెలకు పన్నెండో వంతు చొప్పున డేటాను చదివి సరిచూసే సదుపాయం రెస్టిక్ చెక్‌లో ఉంది. ఫైనల్స్‌కు అది నెట్ మీదే నడిపితే నెలకు 125 జీబీ దిగుతుంది, పర్వాలేదు. రా ఫుటేజీకి నోడ్ దగ్గరి స్క్రబ్ చాలు. ఎక్కడైనా ప్యాక్ పాడైతే ఆ ప్యాక్‌ను తీసేసి, ఇండెక్స్ (ఏ డేటా ఏ ప్యాక్‌లో ఉందో చెప్పే జాబితా) రిపేర్ చేసి, బ్యాకప్ మళ్లీ నడిపితే పోయిన భాగం మీ దగ్గరి నుంచి తిరిగి పోతుంది. మీ స్టూడియో డిస్కే మొత్తంగా పోయిన రోజు మాత్రం నెట్ కోసం చూడకండి. కరీంనగర్ వెళ్లి డిస్కు తెచ్చుకుంటే ఆ సాయంత్రానికే పని మొదలవుతుంది. పెద్ద క్లౌడ్ నుంచి 6 టీబీ దించుకోవాలంటే రోజులు పడుతుంది, చాలా చోట్ల దించుకున్నందుకు విడిగా బిల్లు కూడా వస్తుంది.

క్లౌడ్‌ను తగ్గించే వరుస: ముందు మూడు నోడ్లూ ఒక పూర్తి సీజన్ నడవాలి. రిస్టోర్ పరీక్ష ప్రతి నోడ్ నుంచీ ఒకసారి పాసవ్వాలి. అప్పుడు క్లౌడ్‌లోంచి రా ఫుటేజీ మాత్రం తీసేయండి. ఫైనల్ 1.5 టీబీని అక్కడే చవకైన ఆర్కైవ్ రకంలోకి (అరుదుగా తెరిచే ఫైళ్ల కోసం ఉండే నిల్వలోకి) మార్చండి, లేదా రెస్టిక్‌తో స్టోర్జ్ గేట్‌వేకు పంపండి. ఏది ఎంచుకున్నా నెల బిల్లు, దించుకునే ఛార్జీ, కనీసం ఎన్ని రోజులు ఉంచాలన్న షరతు మూడూ కలిపి చూడండి. ఆర్కైవ్‌లో పెట్టింది వెంటనే తీసేస్తే మిగిలిన రోజులకూ వసూలు చేస్తారు. పాత క్లౌడ్ కాపీ చెరిపే ముందు ఫోల్డర్ వారీగా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిపోల్చండి. పదిహేను వేల ఫొటోల ఫోల్డర్‌లో రెండు తగ్గినా అవేమిటో తేలేదాకా డిలీట్ నొక్కకండి.